విజ్ఞాన సర్వస్వమున తెరచాప నావకు స్థానము

వ్యక్తులకును, నగరములకును, గ్రంథములకును విజ్ఞాన సర్వస్వమున ప్రత్యేక వ్యాసములుండుట సర్వసమ్మతము. ఒకానొక తెరచాప నావకు అట్టి స్థానము తగునా యనునది విచారణీయము. నావ మనుష్యుని చేతిలోని సాధనము. కీర్తి నావికునిదే కాని కొయ్యది కాదని ఆక్షేపింపవచ్చును. ఈ యాక్షేపము బలమైనదే.

తెలుగున ఈ ప్రశ్నకు మఱియొక ముఖము కలదు. తెలుగు భాషా సమితివారి విజ్ఞాన సర్వస్వము విషయానుసారముగ విభక్తమైనది. సంగ్రహ ఆంధ్ర విజ్ఞాన కోశము అకారాది క్రమమున కూర్పబడినది. మొదటి పద్ధతిలో నావ నౌకాయాన ప్రకరణమున ఒక వాక్యమై యిమిడిపోవును. రెండవదానిలో దానిని పేరుపెట్టి పిలిచి ఆసనము చూపవలెను. కావున నిర్ణయమునకు ప్రమాణమొకటి అవసరము.

ముందుగా ప్రసిద్ధమైన ఉదాహరణమును చూతము. అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున ఫెయిర్‌హేవెన్ పట్టణమున పాడువడియున్న ఒక పాత నావను జాషువా స్లోకమ్ పునర్నిర్మించెను. దాని పేరు స్ప్రే. పొడవు 36 అడుగుల 9 అంగుళములు. 1895 ఏప్రిల్ 24న బోస్టను విడిచి 1898 జూన్ 27న న్యూపోర్టు చేరి, ఒంటరిగ నావపై భూప్రదక్షిణము చేసినవారిలో ఆయన ప్రథముడయ్యెను. 1909లో నావతోకూడ సముద్రమున అదృశ్యుడయ్యెను. ఇంతమాత్రమే యైనచో స్లోకమ్ జీవితచరిత్రలో ఒక ఖండిక చాలును. కాని ఆయన యాత్రాగ్రంథము 1900లో వెలువడిన పిదప స్ప్రే నమూనాపై ఇతరులు పెక్కు నావలను నిర్మించిరి. ఈ యనంతర చరిత్ర స్లోకమ్ జీవితమునకు చెందదు, నావకే చెందును.

మన దేశమున మ్హదేయి ఉదాహరణము ఇంకను స్పష్టమైనది. గోవాలో రత్నాకర్ దండేకర్ నిర్మించిన ఈ 56 అడుగుల నావ 2009లో భారత నౌకాదళమున చేరినది. 2009 ఆగస్టు 19 మొదలు 2010 మే 19 వఱకు దిలీప్ దోండే దీనిపై ఒంటరిగ భూప్రదక్షిణము చేసెను. భారతీయులలో ఆయనయే ప్రథముడు. ఆయన త్రోవలో నాలుగు రేవుల నాగెను. 2012–13లో అభిలాష్ టామీ అదే నావపై ఎచ్చటను ఆగక ప్రదక్షిణము ముగించెను. దోండే వ్యాసమున నావను వర్ణించినచో టామీ యాత్ర వేఱుపడును. రెండు చోట్లను వర్ణించినచో పునరుక్తి యగును. నిర్మాతయైన దండేకర్ పేరు ఎచ్చటను నిలువదు.

అదే నిర్మాత చేతిలో అదే నమూనాపై రూపొందిన తారిణి 2017లో నౌకాదళమున చేరినది. 2017 సెప్టెంబరు 10న గోవానుండి బయలుదేరి 2018 మే 21న తిరిగివచ్చిన ఆఱుగురు మహిళాధికారులలో విశాఖపట్టణమునకు చెందిన పి. స్వాతి, హైదరాబాదునకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య తెలుగువారు. 2024 అక్టోబరు 2న దిల్నా, రూపా అను మఱి యిద్దఱు బయలుదేరి, 2025 మే 29న ప్రదక్షిణము ముగించిరి. తెలుగువారున్నారను అభిమానము తారిణికి స్థానమిచ్చుటకు హేతువు కారాదు. రెండు యాత్రలను, ఎనమండుగురు నావికురాండ్రను కలుపునది ఆ నావ యొక్కటే, అదియే హేతువు.

కావున, ఏ నావను తొలగించినచో చరిత్ర ముక్కలై పలుచోట్ల చెదరునో, దానికే ప్రత్యేక వ్యాసము తగును. అయితే ఆ చరిత్రకు లిఖితాధారము ఉండవలెను. కోరంగి, తాళ్ళరేవులలో తరతరములుగ కొయ్య ఓడలు నిర్మింపబడినవి. 1839 నవంబరు నాటి ఉప్పెనలో కోరంగి రేవు ధ్వంసమై ఎన్నియో నావలు నశించినవి. ఆధారము లేనిచోట ఒక్కొక్క నావకు ఊహతో చరిత్ర కల్పింపరాదు. ఆ నిర్మాణకళకు సమష్టిగ ఒక వ్యాసము వ్రాయుట ధర్మము. ప్రత్యేక వ్యాసము లేకుండుట ఆ నావల అయోగ్యతను తెలుపదు. వాని కథను వ్రాసి యుంచినవారు లేకపోవుటను మాత్రమే తెలుపును. పేరును, నిర్మాతను, యాత్రను తెలుపు పత్రము దొరకిననాడు తాళ్ళరేవు నావకును ఇదే ప్రమాణము వర్తించును.