పొరుగు చెదిరిన లోయ: బఫెలో క్రీక్ సాక్ష్యంతో పీటీఎస్‌డీ పునఃపరిశీలన

పీటీఎస్‌డీ (ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత)పై వచ్చే మనస్తత్వ శాస్త్ర రచనల్లో సమాజం ప్రస్తావన లేకపోలేదు. ఉంటుంది, కాకపోతే చివరి పేరాలో, 'ఇతర కారకాల' సరసన. 1980లో అమెరికా మనోవైద్యుల రోగనిర్ధారణ గ్రంథం డీఎస్‌ఎం-3 ఈ రుగ్మతకు పేరుపెట్టిన నాటి నుంచి చర్చంతా జ్ఞాపకం చుట్టూనే తిరుగుతోంది. ఆ ధోరణికి పకడ్బందీ రూపమిచ్చినవారు మనస్తత్వవేత్తలు ఆంకే ఎహ్లర్స్, డేవిడ్ క్లార్క్. జరిగిపోయిన ఘటన బాధితుడికి ఇంకా పొంచి ఉన్న ముప్పుగా తోచడం వల్లే రుగ్మత కొనసాగుతుందని 2000లో వారు ప్రతిపాదించారు. ఘటనను అతను ప్రతికూలంగా అన్వయించుకోవడం, జ్ఞాపకం సందర్భం తెగి ముక్కలుగా మిగలడం అందుకు మూలాలన్నారు. చుట్టూ ఉన్నవాళ్ల ప్రవర్తనను వాళ్లు విస్మరించలేదు గానీ, దాన్నీ బాధితుడి అన్వయంలోనే కలిపేశారు. పొరుగువాళ్లు మొహం చాటేస్తే లెక్కకొచ్చేది వాళ్లు చేసిన పని కాదు, ఇతను దాన్ని అర్థం చేసుకున్న తీరు. నా అభ్యంతరం ఇక్కడే.

వెస్ట్ వర్జీనియాలోని లోగన్ కౌంటీలో 1972 ఫిబ్రవరి 26 ఉదయం బొగ్గుగని వ్యర్థాలతో కట్టిన ఆనకట్ట తెగి, బఫెలో క్రీక్ లోయను ఊడ్చిపెట్టింది. 125 మంది చనిపోయారు. సుమారు నాలుగువేల మందికి నిలువనీడ లేకుండా పోయింది. గని యజమాని పిట్‌స్టన్ కంపెనీ దీన్ని దైవఘటన అంది. ఆపైన ప్రభుత్వం ట్రైలర్ ఇళ్ల శిబిరాలు వేసి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కుటుంబాలను దింపింది. ఎవరు ఎవరికి పాత పొరుగో చూడలేదు. 1976 నాటి 'ఎవ్రీథింగ్ ఇన్ ఇట్స్ పాత్'లో సామాజిక శాస్త్రవేత్త కై ఎరిక్సన్ సామూహిక గాయాన్ని వ్యక్తిగత గాయం నుంచి విడదీసి చూపడానికి ఈ రెండో దెబ్బే ముఖ్యాధారం. శిబిరాల్లో వాన మొదలైతే చాలు, పెద్దలకు కంటిమీద కునుకుండేది కాదు. వాన పాత జ్ఞాపకాన్ని లేపిందని ఎహ్లర్స్-క్లార్క్ చట్రం చెబుతుంది. అది సగం నిజమే. వరద నాడు కొందరు బతికి బట్టకట్టింది పొరుగువాళ్లు కేకలేసి లేపడం వల్ల. అలా కేకవేసే మనిషి పక్క ట్రైలర్‌లో లేనప్పుడు రాత్రంతా మేలుకొని ఉండటం వక్రభావన ఎలా అవుతుంది? కాపలా తన మీద పడ్డవాడు కాపలా కాస్తున్నాడు. పైగా, పిట్‌స్టన్‌పై బాధితులు వేసిన దావాలో వరద నాడు లోయలో లేనివాళ్లూ మానసిక నష్టానికి వాదులయ్యారు. ఆ నీళ్లనే చూడని మనిషికి ముక్కలైన జ్ఞాపకం ఎక్కడి నుంచి వచ్చింది?

ఇది ఒక్క లోయ కథ కాదు. బ్రూవిన్, ఆండ్రూస్, వాలెంటైన్‌లు 2000లో 77 అధ్యయనాలను కలిపి చూస్తే, పీటీఎస్‌డీపై ఘటన తీవ్రత ప్రభావ పరిమాణం సగటున 0.23, ఆ తర్వాతి జీవన ఒత్తిళ్లది 0.32, సామాజిక ఆసరా కొరవడటానిది 0.40. (బ్రూవిన్ స్వయంగా జ్ఞాపక సిద్ధాంతకర్త కావడం విశేషం.) దివిసీమను 1977 నవంబరు 19న ఉప్పెన ముంచెత్తే నాటికి ఈ రోగనామమే పుట్టలేదు. ఇప్పుడు పుట్టింది కాబట్టి, తుపాను పునరావాసంలో ఎవరి పక్కన ఎవరికి స్థలమివ్వాలన్నది రెవెన్యూ పట్టికల వ్యవహారంగా వదిలేయకూడదు. మనోవైద్య నివారణ మొదలయ్యేది అక్కడే.

జ్ఞాపకంపై పనిచేసే చికిత్సలు ఫలిస్తున్నాయన్నది నిజమే గానీ, మందు పనిచేసిన చోటే జబ్బు పుట్టిందనలేం. రోగే నలుగురికీ దూరమవుతాడు గనక ఆసరా తగ్గుతుందన్న వాదన కూడా బఫెలో క్రీక్‌లో నిలవదు, అక్కడ విడదీసింది కేటాయింపు. ఎరిక్సన్‌ను పిలిచింది వాదుల న్యాయవాదులే, కష్టాన్ని పెద్దది చేసి చెప్పడంలో వాదులకు లాభముంది అన్న ఆక్షేపణ ఇంకాస్త గట్టిది. కానీ 1974లోనే 1.35 కోట్ల డాలర్లకు దావా రాజీ అయింది. మనస్తత్వవేత్త బానీ గ్రీన్ బృందం తిరిగి వెళ్లి వాదులను పరిశీలించినప్పుడు, 1974లో 44 శాతంగా ఉన్న పీటీఎస్‌డీ 1986లో 28 శాతంగా తేలింది. రావాల్సిన డబ్బు వచ్చి పన్నెండేళ్లు గడిచాక నటించాల్సిన పని ఎవరికీ లేదు. ఆ 28 శాతం మందికి రాజీలో డబ్బు దక్కింది, పాత పొరుగు దక్కలేదు.