దూరపు చూపు: వెబ్ కెమెరా చరిత్రయు, ఎన్నికయు



కొల్లేటికోట యనగానే మీలో పలువురకు పెద్దింట్లమ్మ జాతరయు, గూడకొంగలును, చేపల చెరువులును జ్ఞప్తికి వచ్చును. నాకు మాత్రము ఆ యూరి పేరు వినినప్పుడెల్ల ఒక కిటికీ జ్ఞప్తికి వచ్చుచుండును. ఆ కిటికీ కథతోనే యీ ప్రసంగమును మొదలిడి, దానితోనే ముగింతును. నడుమ చెప్పబోవునది వెబ్ కెమెరా యను చిన్న యంత్రముయొక్క చరిత్ర.

2020 మార్చి 25వ తేదీనుండి దేశమంతటను రాకపోకలు నిలిచిపోయినవి. హైదరాబాదు, బెంగుళూరు నగరములందు కంప్యూటరు కొలువులు చేయుచున్న మన పిల్లలు అనేకులు ఏలూరు, తాడేపల్లిగూడెము, కైకలూరు ప్రాంతములందలి తమ యిండ్లకు చేరిరి. ఉద్యోగి కచేరికి పోవుట మాని, కచేరియే యింటికి వచ్చినది. మా బంధువుల యమ్మాయి యొకతె చేతిలోని కొలువు పోవుటచేత కొల్లేటికోటలో తల్లిదండ్రుల యింట చేరి, మరియొక కొలువునకై ప్రయత్నింపసాగినది. పరీక్షించువారు వేరొక నగరమున నున్నారు. ఈమె సరస్సు నడిమి లంకలో నున్నది. ఇల్లంతటిలో గాలియు వెలుతురును బాగుగా వచ్చు తావు సరస్సువైపు కిటికీ. ఆ కిటికీకి వీపు పెట్టి, ముందు బల్ల వేసికొని, చక్కని చీర కట్టుకొని కూర్చుండినది. అవతలివారు మొట్టమొదట వేసిన ప్రశ్న చదువునకు సంబంధించినది కాదు. “అమ్మా, మీ ముఖము మాకు కనబడుటలేదు. మీరక్కడ ఉన్నారా?” అని వారడిగిరి.

ఆ కొలువు రాలేదు. రాకపోవుటకు అదియే కారణమని నేను చెప్పజాలను. కాని “మీరక్కడ ఉన్నారా” యను ప్రశ్న ఆ పిల్ల మనసున ముల్లువలె నాటుకొన్నది. రాకపోకలు సడలిన పిమ్మట, అప్పు చేసి, వెల హెచ్చయిన వెబ్ కెమెరాను తెప్పించుకొన్నది. దాని ఫలితమును తుదకు చెప్పెదను. ముందుగా ఈ యంత్రము ఎట్లు పుట్టినదో చూతము. ఏలయన, మనము ఏది కొనవలెనో చెప్పగలది ఆ చరిత్రయే.

దూరముననున్న వారిని చూచుచు మాటలాడవలెనను కోరిక టెలిఫోనుతోపాటే పుట్టినది. గ్రాహంబెల్ టెలిఫోనునకు హక్కుపత్రము పొందినది 1876లో. మూడేండ్లు తిరుగకముందే, అనగా 1878 డిసెంబరులో, లండనునందలి ‘పంచ్’ అను హాస్యపత్రికలో డూమారియే యను చిత్రకారు డొక బొమ్మ వ్రాసెను. అందు వృద్ధదంపతులు తమ గదిలో గోడమీది తెరపై, సింహళద్వీపమున ఆటలాడుచున్న తమ పిల్లలను చూచుచు, గొట్టములో మాటలాడుచుందురు. అది పరిహాసమునకు వ్రాసిన చిత్రమే. అయినను ఒక సంగతి గమనింపుడు. ఆ యంత్రము మొదట ఊహింపబడినది కచేరిలో కాదు, ఇంటిలో. వర్తకమునకై కాదు, ఎడబాసిన బిడ్డలకొరకు.

ఊహ నిజమగుటకు అర్ధశతాబ్దము పట్టినది. 1927 ఏప్రిల్ 7వ తేదీన వాషింగ్టనులో మాటలాడుచున్న హెర్బర్టు హూవరు ముఖమును బెల్ పరిశోధనశాలవారు న్యూయార్కునకు పంపిరి. హూవరు అప్పటికి వాణిజ్యమంత్రి, పిదప అధ్యక్షుడయ్యెను. ఆ చిత్రము 50 గీతలతో కూడినది. మాట ఇరువైపులకు పోయినను, బొమ్మ ఒకవైపునకే పోయెను. 1930లో వారే న్యూయార్కు నగరమున ఇరువైపులవారును ఒకరినొకరు చూచుకొను నేర్పాటు చేసిరి. మాటలాడువాడు చిన్న గదిలో కూర్చుండగా, నీలపు కాంతికిరణ మొకటి వాని ముఖమును గీత గీతగా తడవుచు పోవుచుండెడిది. ముఖమునుండి మరలి వచ్చిన వెలుగే విద్యుత్తుగా మారి తంతులవెంట పోయెడిది. వెలుగు ముఖముపై పడి మరలి రావలెననుట ఆనాటి సూత్రము. నేటికిని అది మారలేదు. నా కథలోని కిటికీకి తాళపుచెవి ఇదియే.

జర్మనీ దేశమున 1936 మార్చిలో బెర్లిను, లైప్జిగు నగరముల నడుమ తపాలాశాఖవారు సామాన్య ప్రజలకొరకు బొమ్మల టెలిఫోను తెరచిరి. చిత్రమునకు 180 గీతలు. ఎవరైనను రుసుము చెల్లించి, తపాలా కార్యాలయమునకు పోయి, ఆవలి నగరములోని బంధువును చూచుచు మాటలాడవచ్చును. యుద్ధము వచ్చిపడుటచేత 1940లో ఆ సేవ నిలిచిపోయెను. 1964లో న్యూయార్కు ప్రపంచప్రదర్శనమున అమెరికా టెలిఫోను సంస్థవారు ‘పిక్చర్‌ఫోను’ను ప్రదర్శించి, 1970లో పిట్సుబర్గు నగరమున అద్దెకిచ్చిరి. నెలకు 160 డాలర్ల అద్దెకు అరగంట సంభాషణము మాత్రమే లభించెడిది. కొనువారు కానరాక అది కొలది యేండ్లలో మూలబడెను. అద్దె యొక్కటే యిందుకు కారణము కాదు. పిలుచువానికి మన వేషమును, మన గదిని చూపుట చాలమందికి రుచింపలేదు. ఇదియు మనము మరువరాని పాఠమే.

ఈ లోపల మరియొక మార్పు జరిగినది. 1969లో బెల్ పరిశోధనశాలయందు విల్లర్డు బాయిల్, జార్జి స్మిత్ అనువారు వెలుగును విద్యుత్కణములుగా కూడబెట్టి వరుసగా లెక్క యొప్పగించు సిలికాను పలకను కనిపెట్టిరి. దానికే సి.సి.డి. యని పేరు. 2009లో వారికి నోబెలు బహుమాన మీయబడెను. 1990 ప్రాంతమున ఎరిక్ ఫాసం అను శాస్త్రజ్ఞుడు అమెరికా అంతరిక్షసంస్థకు చెందిన ప్రయోగశాలలో, అంతకన్న తక్కువ విద్యుత్తుతో పనిచేయు సీమాస్ పలకను వృద్ధి చేసెను. నేడు మన జేబులోని ఫోనునందును, బల్లమీది వెబ్ కెమెరాయందును ఉన్నది ఆ జాతి పలకయే.

ఇక వెబ్ కెమెరా పుట్టుక చిత్రమైనది. 1991లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున కంప్యూటరు శాస్త్రజ్ఞులకు ఒక కాఫీకుండ ఉండెడిది. దూరపు గదులవారు మెట్లు దిగివచ్చునప్పటికి కుండ ఖాళీయై యుండెడిది. ఆ శ్రమ తప్పించుకొనుటకై వారు కుండ కెదురుగా ఒక కెమెరా నిలిపి, నిమిషమునకు మూడేసి నలుపు తెలుపు బొమ్మలు తమ యంత్రములపై కనబడునట్లు చేసికొనిరి. 1993లో ఆ బొమ్మ లోకమంతటికిని తెరువబడెను. 2001 ఆగస్టు 22న కెమెరా ఆర్పివేయబడెను. కాఫీకొరకు పడిన యీ పాటునుండియే వెబ్ కెమెరా జన్మించినదన్న మాట. 1994లో కనెక్టిక్సు సంస్థవారు ‘క్విక్‌కామ్’ అను బంతివంటి కెమెరాను సుమారు నూరు డాలర్లకు అమ్మకమునకు పెట్టిరి. అడ్డముగా 320, నిలువుగా 240 చుక్కలు. నలుపు తెలుపులలో 16 ఛాయలు మాత్రమే. 1998లో ఆ వ్యాపారము లాజిటెక్ సంస్థ చేతికి వచ్చెను.

మన దేశమున సామాన్యులకు ఇంటర్నెట్టు అందినది 1995 ఆగస్టు 15వ తేదీన. ఆ పిమ్మట కొలది యేండ్లకు మన పట్టణములలో నెట్ సెంటర్లు వెలసినవి. అమెరికాలోని కుమారుని చూచుటకై తల్లిదండ్రులు అక్కడికి పోయి, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని, తెరపై చెదరుచు నిలుచుచు నుండు చిన్న ముఖమును చూచి కన్నీరు పెట్టుకొనుట మీలో అనేకులు ఎరిగినదే. ‘పంచ్’ పత్రికలోని పరిహాసచిత్రము మన వీధులలో నిజమైనది.

వృత్తివ్యవహారమున సయితము ఈ చూపునకు విలువ హెచ్చినది. 2003లో ప్రఫుల్ల దేశాయి వ్యాజ్యెమునందు, అమెరికాలోని వైద్యుని సాక్ష్యమును వీడియో ద్వారా తీసికొనవచ్చునని సుప్రీముకోర్టువారు తీర్పు చెప్పిరి. సాక్షి తెరపై కనబడినను ‘ఎదుట’ ఉన్నట్లే యని దాని తాత్పర్యము. 2020లో న్యాయస్థానములే యీ విధమున నడిచినవి. 2015లో స్థాపితమైన తాడేపల్లిగూడెము జాతీయ సాంకేతిక విద్యాసంస్థవంటి విద్యాలయములలోని విద్యార్థులకు తమ యిల్లే తరగతిగది యైనది. హాజరు అను మాటకే అర్థము మారినది. కావుననే “మీరక్కడ ఉన్నారా” యను ప్రశ్న అంత బాధించినది.

ఇప్పుడు ఎన్నిక సంగతి. దుకాణములవారు మొదట చుక్కల లెక్క చెప్పుదురు: 720 వరుసలు, 1080 వరుసలు, 4కె అని. అనేక సమావేశములందు 720 వరుసలకు మించి పంపబడదు. ఇద్దరు మాటలాడుకొను పిలుపునకు 720 వరుసలైనచో సెకనుకు సుమారు 1.2 మెగాబిట్లు, 1080 వరుసలైనచో 3 మొదలు 4 మెగాబిట్ల వరకు అటునుండియు ఇటునుండియు కావలసియుండును. మన యింటినుండి బయటకు పోవు వేగ మెంతయో కనుగొనక 4కె కెమెరా కొనుట, సన్నని బోదెకు పెద్ద తూము కట్టించుటవంటిది. 1080 వరుసలు, సెకనుకు 30 బొమ్మలు గలది ఉద్యోగ సంభాషణమునకు చాలును.

చుక్కలకన్న ముఖ్యము, వెలుగును పట్టు పలకయొక్క పరిమాణము. పలక పెద్దదైనకొలది మందవెలుతురునందును బొమ్మ శుభ్రముగా నుండును. చిన్నదైనచో ముఖముపై ఇసుక చల్లినట్లుండును. కెమెరా చూపు విశాలత మరియొక విషయము. 65 మొదలు 78 డిగ్రీల లోపు చూపు ఒక మనిషికి తగియుండును. 90 డిగ్రీలది కొన్నచో ముఖము చిన్నదై, దండెముమీది బట్టలును, మూలనున్న వలయు సభకెక్కును. పిట్సుబర్గువారు జంకినది దీనికే. తనంతట తాను దృష్టి సరిచేసికొను కెమెరా, కాగితములు చూపు ఉపాధ్యాయునకు పనికివచ్చును. కదలక కూర్చుండువానికి స్థిరదృష్టి గలదియే మేలు. కంటికి మూతగలదానిని ఎంచుకొనుడు. పని ముగిసినంతనే మూయుడు. యు.ఎస్.బి. వీడియో ప్రమాణమును అనుసరించునదైనచో ఏ కంప్యూటరునకైనను తగిలించినంతనే పనిచేయును.

కెమెరాను కన్నుల యెత్తున, తెరపై నడుమ నిలుపుడు. మనము తెరమీది ముఖమును చూచుచుందుము. అవతలివానికి మనము క్రిందికి చూచునట్లు తోచును. చూపులు కలియని యీ లోపము పిక్చర్‌ఫోను కాలమునుండి ఉన్నదే. ముఖ్యమైన మాట చెప్పునప్పుడైనను కెమెరా కంటిలోనికి చూడుడు. బొమ్మ చెదరినను వినువారు ఓర్తురు గాని మాట చెదరిన ఓర్వరు. కావున సొమ్ము కొంచెమే యున్నచో ముందు మంచి మైకు కొనుడు. అంతకన్నను కొరవయైనచో మీ ఫోనునే కెమెరాగా వాడుకొనుడు. 2022 నుండి ఆపిల్ ఫోనులలోను, 2023లో వచ్చిన 14వ ఆండ్రాయిడు గల పెక్కు ఫోనులలోను ఆ సౌకర్యము కలదు. కొల్లేటి తీరమువంటి తేమనేలలందు కటకములపై బూజు పట్టును. పని లేనప్పుడు కెమెరాను తేమ పీల్చు పొట్లముతో మూత బిగువైన డబ్బాలో నుంచుడు.

ఇక ఆ కిటికీ. వెలగల కెమెరా వచ్చినది. అమ్మాయి ఆత్రముతో తగిలించి చూచినది. ముఖము మునుపటివలెనే నల్లగా నున్నది. నలుపు మాత్రము మరింత స్పష్టముగా నున్నది! మధ్యాహ్నపు టెండలో కొల్లేటి నీరు అద్దమువలె మెరయుచుండెను. ఆ మెరుపును చూచి కెమెరా తన కంటిని ముడుచుకొనుచున్నది. దానితో ముందున్న ముఖము నీడయై పోవుచున్నది. ఆమె తండ్రికి కంప్యూటరు తెలియదు. నీళ్లమీద దోనె నడిపినవాడు. ఆయన చూచి, “ఎండకు ఎదురుగా చూస్తే పడవలో మనిషి మాకూ కనపడడమ్మా. బల్ల ఇటు తిప్పు” అన్నాడు. బల్ల తిప్పిరి. సరస్సు వెలుగు ఆమె ముఖముపై పడినది. కిటికీకి పలుచని తెల్లబట్ట కట్టగా ఆ వెలుగు మరింత మెత్తబడినది. పాత కెమెరాతో చూచినను ముఖము చక్కగనే కనబడెను. క్రొత్తదానిని గడువులోపల తిరిగి పంపి, ఆ సొమ్ముతో ఒక మైకును, కరెంటు పోయినప్పుడు నెట్ పెట్టె ఆరిపోకుండుటకై ఒక చిన్న బ్యాటరీని కొన్నది. రెండు మాసములకు కొలువు వచ్చినది. అది ఆమె విద్యకు దొరికిన ఫలము. బల్ల తిప్పుటచేత ఆ విద్యగల ముఖము కనబడినదంతే.

1930లో ముఖముపై తిరిగిన నీలపు కిరణము మొదలు కొల్లేటి నీటి మెరుపువరకు యీ చరిత్ర చెప్పునది ఒక్కటే. కన్ను కొనుటకు ముందు వెలుగును చూచుకొనుడు. వెలుగు, మాట, మార్గము, పిమ్మటనే కెమెరా. ఈ వరుస తప్పనివాని సొమ్ము వృథా కాదు. “మీరక్కడ ఉన్నారా” యని వానిని అడుగవలసిన పనియు ఎవరికిని ఉండదు.