కార్డు, కాటా, నల్లబోర్డు: రైతు బజారు పుట్టిన కథ

మార్కాపురం దగ్గరి పెద్దారవీడు చుట్టుపక్కల పండే మిరప గుంటూరు యార్డుకు పోతుంది. పత్తి, కంది వ్యాపారి చేతికి పోతాయి. బోరులో కాసిని నీళ్ళున్న రైతు అరెకరంలో వేసుకునే వంకాయ, టమోటా, గోరుచిక్కుడుల సంగతి వేరు. అవి నిలవుండవు. తెల్లారకముందే గంపలు మార్కాపురం చేర్చాలి, పాటలో పలికినకాడికి ఇచ్చేయాలి. కమీషన్, తరుగు, కూలి, ఆటో కిరాయి పోగా మిగిలింది జేబులో వేసుకుని బయటికొస్తే, అదే వంకాయ నాలుగు బండ్ల అవతల రెట్టింపు ధర పలుకుతూ ఉంటుంది. రైతుకు చాలలేదు, కొనే ఇల్లాలికి అందలేదు. మధ్యలో ఆ డబ్బు ఎటు పోయిందన్న ప్రశ్నే రైతు బజారుకు మూలం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు 1999 జనవరి 26న, చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలయ్యాయి. అంతకు కొద్ది నెలల ముందే దేశమంతా ఉల్లి ధర మండిపోయింది. 1998 చివర్లో ఢిల్లీ ఎన్నికల్లో అధికార పార్టీ ఓటమికి ఉల్లిగడ్డ కూడా ఒక కారణమని అందరూ చెప్పుకున్నారు. కూరగాయల ధర రాజకీయ నాయకులకు ఎంత ముఖ్యమో ఆ ఏడాది బాగా తెలిసొచ్చింది.

అయితే ఆలోచన మనది కాదు. పంజాబ్ మార్కెటింగ్ బోర్డు 1987లోనే చండీగఢ్‌లో ‘అప్నీ మండీ’ పెట్టి, రైతులు తమ పంట తామే అమ్ముకునే వీలు కల్పించింది. అమెరికాలో అంతకు పదేళ్ళ ముందే ఇదే పని జరిగింది. 1976లో న్యూయార్క్‌లో బారీ బెనెపీ, బాబ్ లూయిస్ ‘గ్రీన్‌మార్కెట్’ తెరిచారు. మరుసటి ఏడు కాలిఫోర్నియా ప్రభుత్వం నిబంధనలు సడలించి, పండించినవాడు నేరుగా అమ్ముకోవచ్చంది. కాకపోతే, పంట తనదేనని కౌంటీ వ్యవసాయాధికారి దగ్గర ధ్రువపత్రం తెచ్చుకోవాలి.

ఆ ధ్రువపత్రం దగ్గరే ఉంది కిటుకంతా. రైతు కోసం షెడ్డు వేయడం ఎవరికైనా చేతనవుతుంది. వేసిన నెల తిరక్కుండా మారుబేరగాడు తలపాగా చుట్టుకుని అందులో కూర్చుంటే ఏం చేయాలి? మనవాళ్ళు దీనికి కనిపెట్టిన ఉపాయం ఫొటోతో గుర్తింపు కార్డు. మండల రెవెన్యూ అధికారి, ఉద్యానశాఖ, వ్యవసాయశాఖల సిబ్బంది ఊళ్ళోకి వచ్చి, ఎవరికి ఎంత పొలముంది, ఏం వేశాడు చూసి కార్డుకు ఎంపిక చేయాలి. నా లెక్కలో ఈ పథకంలో నిజమైన ఆవిష్కరణ ఇదే. మిగతావి దీని వెనక నడిచాయి: దుకాణానికి అద్దె లేదు, కమీషన్ లేదు, కాటా ఉచితం, రైతులూ గంపలూ ఎక్కడానికి ఆర్టీసీ బస్సులు. ఉల్లి, బంగాళాదుంపలాంటి, దగ్గర్లో పండని సరుకు అమ్మే పని డ్వాక్రా సంఘాలకు ఇచ్చారు.

రెండో చిక్కు ధర. రైతు ఇష్టానికి వదిలితే బయటి రేటే చెబుతాడు, అందులో తప్పేమీ లేదు. అధికారి ఇష్టానికి వదిలితే రైతు రావడం మానేస్తాడు. అందుకని రోజూ పొద్దున్నే బజారు నడిపే ఎస్టేట్ ఆఫీసరు, రైతుల కమిటీ కూర్చుని రేటు తేల్చి బోర్డు మీద రాస్తారు. హోల్‌సేల్ ధరకు పాతిక శాతం పైన, బయటి చిల్లర ధరకు పాతిక శాతం కింద అన్నది పెట్టుకున్న కొలబద్ద. మాటవరసకు పాటలో టమోటా కిలో 20 రూపాయలు, బయట 34 అనుకుందాం. రైతు బజారులో దాదాపు 25 అవుతుంది. రైతుకు ఐదు రూపాయలు ఎక్కువ, కొన్నవారికి తొమ్మిది మిగులు.

హైదరాబాదులో ఎర్రగడ్డ, మెహదీపట్నం, విశాఖలో సీతమ్మధార... పేర్లు చెబితే చాలు, అక్కడివాళ్ళకు సంచీ గుర్తొస్తుంది. 1999 నవంబరులోనే తమిళనాడు మదురైలో ‘ఉళవర్ సందై’ మొదలుపెట్టింది. అక్కడ ప్రభుత్వం మారగానే సందైలు చాలాకాలం మూలపడ్డాయి. మన దగ్గర ముఖ్యమంత్రులు మారారు, రాష్ట్రమే రెండైంది, రైతు బజారు మాత్రం పోలేదు. పట్నంలో మధ్యతరగతివారు అలవాటు పడ్డ వస్తువును ఎత్తేసే ధైర్యం ఏ పార్టీకీ లేదు మరి!

ఆ పట్నం మొగ్గే దీని లోపం కూడా. నిబంధనల్లో ఒక్కో బజారుకు ఎకరం సర్కారు స్థలం, చుట్టూ పది పదిహేను ఊళ్ళు, 250 మంది రైతులు కావాలన్నారు. కొనేవాళ్ళు గుంపుగా ఉండే చోట, నీళ్ళున్న పొలాలు పక్కనే ఉన్న చోట అది సులువు. వెలిగొండ ప్రాజెక్టు నీటి కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మన పడమటి ప్రకాశంలో ఊరికి నలుగురు కూరగాయల రైతులుంటే ఎక్కువ. వాళ్ళకు ఎకరం షెడ్డు అక్కర్లేదు. కాటా, నల్లబోర్డు, కార్డు ఈ మూడూ వారపు సంతకే తీసుకొస్తే సరిపోతుంది. ఖర్చు తక్కువ, అడిగేవాళ్ళు లేకనే ఆగింది.

కొనేవారికో మాట. రైతు బజారుకు వెళితే ముందు బోర్డు చదవండి, తర్వాత గంప చూడండి. ఒకే మనిషి దగ్గర క్యారెట్, క్యాబేజీ, బీన్స్, బెండ అన్నీ పట్నం షాపులో పేర్చినట్టు ఉంటే అది మారుబేరమే అనుకోవచ్చు. రెండు మూడు రకాలే పెట్టుకుని కూర్చున్నవారిని ‘ఏ ఊరమ్మా?’ అని అడిగి, అనుమానముంటే కార్డు చూపించమనండి. బోర్డు మీది రేటుకే కొనండి, దాని మీద మళ్ళీ బేరం ఆడకండి.