శునకఋణం

భారతకథ కుక్కతో మొదలై కుక్కతో ముగుస్తుంది. తరగతిలో ఈ మాట చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వేవారు. ఆదిపర్వంలో జనమేజయుని యజ్ఞశాల దగ్గర ఆడుకుంటున్న సరమ కొడుకును రాజు తమ్ముళ్ళు నిష్కారణంగా కొట్టారు. తల్లి కుక్క వచ్చి రాజునే నిలదీసింది. చివర మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట నడిచి వచ్చిన కుక్కను విడిచి తాను స్వర్గానికి రానన్నాడు. మొదటిది కుక్కకు జరిగిన అన్యాయం. రెండవది కుక్క పట్ల నిలుపుకొన్న ధర్మం. ఏళ్ళ తరబడి పాఠంగా చెప్పిన ఈ సంగతి నాకు నిజంగా తెలిసివచ్చినది, మా చిట్టికి నడుము పడిపోయిన తరువాతనే.

చిట్టి డాషండ్ జాతి కుక్క. పొడుగాటి ఒళ్ళు, పొట్టి కాళ్ళు. వయస్సు ఆరేళ్ళు. గౌలిపురాలోని మా ఇంట్లో ఒకనాటి ఉదయం లేవబోయి లేవలేక, వెనుక కాళ్ళు ఈడ్చుకుంటూ నా మంచం దగ్గరకు వచ్చింది. పశువైద్యుడు దాని వెనుక కాలి వేలిని గట్టిగా నొక్కాడు. చిట్టి తల తిప్పి కుయ్యిమన్నది. "నొప్పి తెలుస్తున్నది మాస్టారూ, ఆశ ఉంది" అన్నాడాయన. పూసల మధ్య బిళ్ళ పగిలి వెన్నుపామును నొక్కుతున్నదనీ, శస్త్రచికిత్స చేయాలనీ చెప్పాడు. మత్తు అనగానే నా గుండె జారింది. తలుపు అద్దంలోంచి చూస్తే చిట్టి పక్కన ఒక తెర, దానిమీద కదిలే గీతలు కనిపించాయి. "ఒకటి ఊపిరి, ఒకటి గుండె. రెండూ చూస్తుండాలి" అన్నాడు సహాయకుడు.

ఆ రెండు గీతల వెనుక మన హైదరాబాదు చరిత్ర ఉన్నది.

1847లో ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫాంను మత్తుమందుగా వాడుకలోకి తెచ్చాడు. ఆ మరుసటి ఏడే ఇంగ్లండులో కాలి గోరు తీయించుకోవడానికి వెళ్ళిన పదిహేనేళ్ళ బాలిక క్లోరోఫాం పీల్చి మరణించింది. అటువంటి మరణాలు ఆ తరువాత కూడా ఆగలేదు. మత్తులో ముందుగా ఆగేది గుండెనా, ఊపిరినా అన్నది వైద్యులను రెండు పక్షాలుగా చీల్చిన ప్రశ్న. లండను వైద్యులలో చాలామంది నాడిని చూడాలన్నారు. ఎడింబరో గురువు సైమ్ శిష్యులు ఊపిరిని చూస్తే చాలునన్నారు. ఆ సైమ్ శిష్యులలో ఒకడు ఎడ్వర్డ్ లారీ. ఇక్కడి రెసిడెన్సీ వైద్యుడుగా, హైదరాబాదు వైద్యపాఠశాలకు పెద్దగా ఉన్నవాడు. 1846లో మొదలైన ఆ పాఠశాలయే నేటి ఉస్మానియా వైద్యకళాశాలకు మూలం. క్లోరోఫాం ఇవ్వడంలో పేరుపొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ అక్కడ ఆయన శిష్యురాలే. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలిగా ఆమెను నేడు చెప్పుకుంటున్నారు.

వాదం తేల్చడానికి 1888లో లారీ హైదరాబాదులో ఒక పరిశోధకసంఘం ఏర్పాటు చేయించాడు. వందకు పైగా వీధికుక్కలకు చచ్చేదాకా క్లోరోఫాం ఇచ్చి, ఏది ముందు ఆగుతున్నదో చూశారు. ఊపిరి ముందు, గుండె తరువాత అని తేల్చారు. లండనులోని లాన్సెట్ పత్రిక ఆ నిర్ణయాన్ని ఒప్పుకోలేదు. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీ మనిషినే పంపి చూసుకోండి అన్నది. 1889లో లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుడు లాన్సెట్ పక్షాన వచ్చాడు. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు మొదలుగా ఈసారి నాలుగువందలకు పైగా ప్రాణులు బలియైనవి. వాటిలో అధికభాగం కుక్కలే. గుండె గురించి అనుమానంతో వచ్చిన బ్రంటన్ కూడా లారీ మాటనే ఒప్పుకున్నాడు.

ఇంతా చేసి ఆ తీర్పు సగమే నిజమైనది. 1911లో లండనులో గుడ్‌మన్ లీవీ పిల్లులపై పరిశోధించి, మత్తు తేలికగా ఉన్నప్పుడు క్లోరోఫాం గుండె లయను చెదరగొట్టి ఒక్కసారిగా ఆపివేయగలదని చూపాడు. హైదరాబాదులో మత్తు లోతుగా ఇచ్చి చూశారు గనుక ఆ అపాయం వారి కంటికి సరిగా ఆనలేదు. అయినా ఊపిరిమీద కన్ను వేసి ఉంచాలన్న పాఠం నిలిచింది. నేడు క్లోరోఫాం పోయి వేరే మందులు వచ్చినవి. ఊపిరి, గుండె రెండూ ఒకే తెరమీద నడుస్తున్నవి. ఆ నాటి కుక్కలకు పేర్లు లేవు. లెక్క మాత్రమే మిగిలింది. మా చిట్టికి పేరున్నది, దానికోసం బయట బెంచీమీద కూర్చున్న మనిషి ఉన్నాడు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే జాతి. ఆ గంటన్నరసేపు నన్ను కుదురుగా కూర్చోనీయనిది ఈ ఆలోచనయే.

రెండవ ఋణం ఇంకా పాతది. డాషండ్ అంటే జర్మను భాషలో బిలకుక్క వంటి అడవిజంతువును వేటాడే కుక్క అని అర్థం. బొరియలలో దూరడానికి వీలుగా మనిషే తరతరాలుగా పొట్టికాళ్ళ కుక్కలను ఏరి పెంచాడు. వీటిలో వెన్నుపూసల మధ్య బిళ్ళ వెన్నుపామును నొక్కడాన్ని 1896లో డెక్స్‌లర్ వర్ణించాడు. 1952లో స్వీడను పశువైద్యుడు హాన్సెన్ దాని తీరు విడమరచి చెప్పాడు. పొట్టికాళ్ళ జాతులలో బిళ్ళ నడిమి మెత్తని గుజ్జు చిన్నవయస్సులోనే గట్టిపడి, సున్నపుముద్దలా మారి, ఒకనాడు హఠాత్తుగా పగిలి బయటకు వస్తుంది. తక్కిన జాతులలో ముసలితనంలో మెల్లగా ఉబ్బుతుంది. 2017లో అమెరికా శాస్త్రజ్ఞులు ఈ జబ్బుకు మూలమైన జన్యువును పట్టుకున్నారు. కాళ్ళను పొట్టిచేసేదీ, బిళ్ళలను త్వరగా ముసలివి చేసేదీ ఆ జన్యువే. మనం ముచ్చటపడి ఎత్తుకునే ఆ పొట్టికాళ్ళలోనే దాని నడుము నొప్పి దాగి ఉన్నది.

శస్త్రచికిత్స ఒక పూట పని. తరువాతి సేవయే అసలు పరీక్ష. వారాల తరబడి కటకటాల పెట్టెలో విశ్రాంతి. మెట్లు, మంచం ఎక్కడం, దూకడం నిషిద్ధం. మూత్రం తనంతట పోయలేదు గనుక పొట్టను రెండు చేతుల నడుమ మెల్లగా నొక్కి పోయించాలి. వైద్యుడు నా చేయి పట్టి నేర్పాడు. ఒరుసుకుపోయి పుండ్లు పడకుండా కొన్ని గంటలకొకసారి పక్క మార్చాలి. తువ్వాలు మడిచి పొట్టకింద వేసి ఎత్తి పట్టి నాలుగడుగులు నడిపించాలి. ఇంట్లో మనం మింగే నొప్పిమాత్రలు దానికి విషం కావచ్చు, వైద్యుడు ఇచ్చినవే వేయాలి. ఈ పని చేస్తూ నాకే నడుము పట్టేసింది. ఇంట్లో వాళ్ళు నవ్వుకున్నారు.

మా పక్కింటి పెద్దాయన నమాజీ మనిషి. ఇంట్లోకి కుక్కను రానీయరు. అయినా రోజూ గుమ్మం దగ్గర నిలబడి "మాస్టర్‌సాబ్, ఎట్లుంది?" అని అడిగేవారు. ఒకనాడు ఉతికిన పాత నూలు దుప్పట్లు నాలుగు తెచ్చి అరుగుమీద పెట్టారు. దప్పికతో నాలుక చాచిన కుక్కకోసం బావిలోకి దిగి, తన చెప్పులో నీళ్ళు పట్టి తెచ్చి తాగించిన మనిషి పాపాలను అల్లా మన్నించాడనే కథ చెప్పారు. నేను ధర్మరాజు కథ చెప్పాను. ఇద్దరం కాసేపు మాట్లాడకుండా కూర్చున్నాము.

ఐదవ వారంలో చిట్టి తోక ఆడించింది. ఏడవ వారంలో తువ్వాలు లేకుండా తడబడుతూ నిలబడింది. ఇప్పుడు కొంచెం ఒక పక్కకు ఒరుగుతూ నడుస్తున్నది. అది చాలు.

మొన్న నయాపూల్ దాటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోకి వెళ్ళాను. 1908 మూసీ వరదలో నూట యాభైమంది దాకా ప్రాణాలు నిలిపిన చింతచెట్టు అక్కడే ఉన్నది. దానికింద స్మృతిసభలు జరుగుతూ ఉంటవి. చెట్టుకు మనం కృతజ్ఞత చెప్పుకుంటున్నాము, మంచిదే. 1888, 89లలో ఈ ఊరి వీధులనుంచి పట్టుకుపోయిన కుక్కలకు మాత్రం ఎక్కడా ఒక్క రాయి కూడా నాకు కనిపించలేదు. సరమ అడిగిన ప్రశ్నకు జనమేజయుడు జవాబు చెప్పలేకపోయాడు. నేనూ చెప్పలేను. చేతనైనది ఒక్కటే. ఇంటికి వచ్చి చిట్టి నీళ్ళగిన్నె కడిగి నింపాను. మిగిలిన నీళ్ళు తొట్టిలో పోసి వీధిగుమ్మం బయట పెట్టాను.