కాలిబాట చదువు

కాలిబాట మనిషంత పాతది. దాన్ని శాస్త్రంగా చదవడం మాత్రం గట్టిగా వందేళ్ల నాటి మాట.

1920ల్లో కాలిఫోర్నియా రెడ్‌వుడ్ మహావృక్షాలను చూడ్డానికి జనం కార్లలో తండోపతండాలుగా వచ్చేవారు. ఆ చెట్ల వేళ్లు లోతుకు దిగవు, పైపైనే అల్లుకుంటాయి. చెట్ల తెగుళ్ల నిపుణుడు ఎమిలియో మైనెకె అక్కడి నేలను పరిశీలించి, జనం అడుగులకూ కారు చక్రాలకూ మట్టి బిగుసుకుపోయి వేళ్లు దెబ్బతింటున్నాయని 1928లో నివేదిక ఇచ్చాడు. అంతటితో ఊరుకోలేదు. కారు ఎక్కడ ఆపాలో, గుడారం ఎక్కడ వేయాలో హద్దులు కట్టి చూపే విడిది నమూనా కూడా తయారుచేశాడు. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే. జబ్బు కనిపెట్టినవాడే మందూ ఇచ్చాడు.

ఇలాంటి పరిశీలన ఇంగ్లండ్‌లోనూ సాగింది. 1935లో అక్కడ జి.హెచ్. బేట్స్ కాలిబాటల మీద పెరిగే మొక్కలపై పరిశోధన వ్యాసం ప్రచురించాడు.

బాటలు వేసేవాళ్ల అనుభవం వేరే దారిన పెరిగింది. అమెరికాలో బెంటన్ మకాయ్ 1921లో ప్రతిపాదించిన అపలాచియన్ ట్రయిల్ అనే పొడవాటి కాలిబాట 1937కి పూర్తయింది. 14 రాష్ట్రాల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్లు. చాలావరకు స్వచ్ఛంద కార్యకర్తల చెమటే. కొండను నిటారుగా ఎక్కే చోట్ల వాననీరు బాటనే కాలువ చేసుకునేది. పార పట్టినవాళ్లు పాటించే సూత్రం ఒకటుంది: బాట వాలు కొండ వాలులో సగం దాటకూడదు. కొండ నూరడుగులకు 30 అడుగులు లేస్తుంటే, బాట 15 మించి లేవకూడదు. మించితే నీళ్లు పక్కకు జారిపోకుండా బాట వెంటే పరుగెత్తి మట్టిని కోసేస్తాయి.

మళ్లీ శాస్త్రం వైపు వస్తే, 1993లో పరిశోధకులు డేవిడ్ కోల్, నీల్ బేఫీల్డ్ మనుషుల తొక్కుడును కొలవడానికి ఒక పద్ధతి స్థిరపరిచారు. అర మీటరు వెడల్పు, మీటరున్నర పొడవు నేలపట్టీలు గీసి, ఒకదాన్ని వదిలేసి, మిగతావాటి మీద 25 నుంచి 500 సార్ల దాకా మనుషుల్ని నడిపించడం. ఇలాంటి అధ్యయనాల్లో పదేపదే తేలిందేమిటంటే, పచ్చికకు ఎక్కువ నష్టం మొదటి కొద్ది నడకలతోనే జరుగుతుంది. ఆ తర్వాత ఎంతమంది నడిచినా అదనంగా పోయేది తక్కువ. జనాన్ని చెదరగొడితే నేల బతుకుతుందన్న నమ్మకం చాలాచోట్ల తప్పని తేలింది. రద్దీ ఉన్నచోట అందరూ ఒకే బాటన నడవడమే మేలు.

కొండ దిగేటప్పుడు మలుపు దగ్గర అడ్డంగా పడి దిగాలనిపిస్తుంది. దయచేసి దిగకండి. వేసిన బాటలోనే నడవండి.