వండి చూపిన చదువు

అంగన్‌వాడీకి యాభై ఏళ్లు నిండాయి. 1975 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, దేశవ్యాప్తంగా 33 ప్రాజెక్టులతో అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల (ఐసీడీఎస్) పథకం మొదలైంది. వాటిలో 18 పల్లెల్లో, 11 గిరిజన ప్రాంతాల్లో, 4 పట్టణాల్లో. ఇవాళ ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా కేంద్రాలున్నాయి.

పథకం పుట్టినప్పుడే దానికి ఆరు సేవలు అప్పగించారు: అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే ఆసుపత్రికి పంపడం, బడికి ముందు చదువు, తల్లులకు పోషకాహార–ఆరోగ్య విద్య. స్వర్ణోత్సవ సభల్లో గుడ్లూ పాలూ బాలామృతం గురించి ఎక్కువగా మాట్లాడుకుంటాం. అది న్యాయమే. అయితే ఆ చివరి సేవకు దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదని నా నమ్మకం. సెంటర్లో పెట్టిన గుడ్డు ఆ పూటకు సరిపోతుంది. సెంటర్లో నేర్చుకున్న వంట ఆ ఇంట్లో తరతరాలకూ ఉంటుంది.

ఈ చదువుకు వేళ్లు అంగన్‌వాడీ కంటే లోతుగా, మన నేలలోనే ఉన్నాయి. 1918లో కూనూరులో సర్ రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధిపై పరిశోధన మొదలుపెట్టారు. నాటి భారతదేశంలో ఆ వ్యాధి ఎక్కువగా పీడించింది ఉత్తర సర్కారు జిల్లాలను, అంటే మన కోస్తాను. మరపట్టి తెల్లగా చేసిన పచ్చిబియ్యమే తిండిగా ఉన్నచోట బి1 విటమిన్ తవుడుతోపాటు పోయేది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఆ బాధ తక్కువ, ఎందుకంటే వడ్లు ఉడికించినప్పుడు విటమిన్ గింజ లోపలికి దిగుతుంది. ఆ కూనూరు ప్రయోగశాలే 1958లో హైదరాబాదు తార్నాకకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. డాక్టర్ సి. గోపాలన్ సారథ్యంలో ఆ సంస్థ 1971లో మన తిండి పదార్థాల్లో ఏముందో లెక్కగట్టి పుస్తకంగా అచ్చువేసింది. అక్కడి శాస్త్రం ఊరి పొయ్యి దాకా రావడానికి అంగన్‌వాడీ టీచరు దారి వేసింది.

అలా వచ్చినవాటిలో ముందుగా చెప్పుకోవలసింది ‘హైదరాబాద్ మిక్స్’. గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ గింజలు 10, బెల్లం 20. ఇంతే సరుకు. దీంతో 330 కేలరీలు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు వస్తాయి. చిక్కిపోయిన బిడ్డను ఇంట్లోనే కోలుకునేలా చేయడానికి తయారైన పిండి ఇది.

ఇది చేసి చూపించే రోజున సెంటరు వంటిల్లవుతుంది. టీచరు బాణలి పెట్టి గోధుమలను కమ్మటి వాసన వచ్చేదాకా వేయిస్తుంది. శనగపప్పు విడిగా, పల్లీలు విడిగా. పల్లీల పొట్టు నలిపి ఊదడానికి ఎవరో ఒక నాయనమ్మ చేట అందుకుంటుంది. అన్నీ చల్లారాక పొడి కొట్టి, బెల్లం తురిమి కలిపి, వేణ్నీళ్లు పోసి ముద్దగా చేస్తారు. “పల్లీలు పైత్యం కదమ్మా, పసివాడికి పడతాయా?” అని ఆ నాయనమ్మ అడగకుండా ఉండదు. టీచరు వాదం పెట్టుకోదు. “మొదట ఒక చెంచాడే పెట్టండి పెద్దమ్మా, మూడు రోజులు చూడండి, పడితే పెంచండి” అంటుంది. బిడ్డ అందరి ముందూ ముద్ద చప్పరించాక ఆ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

మిగతా పాఠాలూ ఇలాగే చేతిపని మీదే సాగుతాయి. ఆకుకూర కడిగాకే తరగాలి. తరిగి కడిగితే సారం నీళ్లలో పోతుంది. తోటకూరలో, మునగాకులో ఉన్న ఎ విటమిన్ ఒంటికి పట్టాలంటే చెంచా నూనె పడాలి. పప్పులో నిమ్మరసం పిండితే ఇనుము బాగా పడుతుంది, భోజనం కాగానే టీ తాగితే ఆ లాభం తగ్గుతుంది. అన్నం గంజి వార్చకుండా అత్తెసరు పెట్టుకోవాలి. రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి విసిరితే జావ పలచగా జారుతుంది. కాబట్టి అదే గిన్నెలో ఎక్కువ పిండి పట్టించవచ్చు. పసివాడి పొట్ట చిన్నది గనక ఈ కిటుకు విలువ తల్లికే తెలుస్తుంది.

వంటకంటే కష్టమైనది పట్టింపులను కదిలించడం. ముర్రుపాలు పిండి పారబోయడం, బాలింతకు పథ్యమంటూ కూరలూ పప్పూ మాన్పించడం, బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమని గర్భిణిని అరకడుపుతో ఉంచడం మన ఇళ్లలో చాలాకాలం సాగాయి. వీటిని ఉపన్యాసాలు మార్చలేవు. సెంటర్లో జరిపే సామూహిక సీమంతాలు, అన్నప్రాసనలు చాలాచోట్ల మార్చగలిగాయి. గాజులు తొడిగే వేడుకకు అత్తగారు వస్తుంది. ఆరు నెలలు నిండిన బిడ్డకు తొలి ముద్ద పెట్టే వేడుకకు తాత వస్తాడు. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వాళ్ల ఎదుటే పాఠం జరుగుతుంది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో అమృతహస్తం, 2015లో తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి గర్భిణులకు, బాలింతలకు సెంటర్లోనే ఒక పూట నిండు భోజనం పెట్టడం మొదలుపెట్టాక ఆ కంచమే పాఠమైంది. అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు కలిస్తేనే భోజనమని రోజూ కళ్లెదుట కనిపించింది.

సాధించింది చెప్పుకున్నాం, మిగిలింది కూడా చెప్పుకోవాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. దాదాపు మూడింట ఒకవంతు పిల్లలు వయసుకు తగ్గ ఎత్తు లేరు. సరుకు అందుతున్నా ఈ అంకెలు ఇలా ఉన్నాయంటే తిండి ఎలా వండాలి, ఎవరికి ముందు పెట్టాలి, ఎన్నిసార్లు పెట్టాలి అన్నది ఇంకా ప్రతి ఇంటికీ చేరలేదన్నమాట. చేరవేయాల్సిన టీచరు రిజిస్టర్లూ ఫోన్ యాప్‌లూ సర్వేల మధ్య నలిగిపోతోంది. వంట ప్రదర్శన కొన్నిచోట్ల సెప్టెంబరు పోషణ మాసంలో తీసే ఫొటోకు కుదించుకుపోయింది.

స్వర్ణోత్సవ కానుకగా కోరదగినవి మూడున్నాయి. నెలకొక రోజు వంట పాఠానికే కేటాయించాలి, ఆ రోజు టీచరుకు మరో పని చెప్పకూడదు. సరుకుల ఖర్చు ఆమె చేతినుంచి పడకుండా ముందుగా ఇవ్వాలి. పిలుపు తల్లికి మాత్రమే కాక, తండ్రికీ అత్తమామలకూ అందాలి. ఇక మనవంతు. మీ వీధి సెంటర్లో ఈ నెల వంట పాఠం ఎప్పుడో కనుక్కోండి. మీ పెరటి మునగాకు ఒక కట్ట తీసుకెళ్లండి. కోడలితోపాటు కొడుకునూ తీసుకుని వెళ్లి కూర్చోండి.