విత్తనమూ, నేలా

టెంక పడ్డచోటల్లా మొలవదు, నేల ఒప్పుకోవాలి. మన రెడ్డిగూడెం తోటల్లో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. 1889లో లండన్ డాక్టరు స్టీఫెన్ పాజెట్ రొమ్ము క్యాన్సర్ గురించి ఇదే అన్నారు. ఆ జబ్బుతో చనిపోయిన 735 మంది వివరాలు చూస్తే, అది కాలేయానికి ఎక్కువగానూ, ప్లీహానికి అరుదుగానూ పాకినట్టు తేలింది.

ఆ కాలంలోనే అమెరికా సర్జన్ హాల్‌స్టెడ్ రొమ్ముతోపాటు ఛాతీ కండరాలూ, చంకలోని గ్రంథులూ తీసేసేవారు. అయినా కొందరికి జబ్బు తిరగబెట్టేది. ఎందుకంటే గడ్డ నుంచి విడిపోయిన కణాలు అప్పటికే రక్తంలో పడి ఎముకలకో, ఊపిరితిత్తులకో చేరి ఉండేవి. కత్తి అందని చోటికి మందే వెళ్లాలి.

అలాంటి మందు మెథోట్రెక్సేట్. భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపించిన పరిశోధనల ఫలితమది. ఆపరేషన్ తర్వాత దీన్ని మరి రెండు మందులతో కలిపి ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని 1976లో ఇటలీ డాక్టరు బొనడోన్నా చూపించారు. అది చూడకుండానే సుబ్బారావు గారు 1948లో కన్నుమూశారు.

అమ్మలారా, అక్కచెల్లెళ్లారా! ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు. కానీ నొప్పి లేదు కదా అని, సిగ్గుపడి దాచుకోకండి. మనం ఊరుకున్నా జబ్బు ఊరుకోదు. వెంటనే డాక్టరుకు చూపించండి. మగవాళ్లం మనమే దగ్గరుండి తీసుకువెళదాం.